నల్లగొండ, పాలమూరు టూర్లకు రూమ్ ఎంచుకునేటప్పుడు

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని మందుల కంపెనీకి ఆడిట్ పని మీద వచ్చే మనిషికీ, మిర్యాలగూడ రైస్ మిల్లులో బియ్యం ఏరే సార్టెక్స్ మెషిన్ చూడ్డానికి వచ్చే సర్వీస్ ఇంజనీరుకూ ఒకే రకం హోటల్ నప్పదు. మొదటాయనకు రాత్రి ముంబై ఆఫీసుతో వీడియో కాల్ ఉంటుంది. రెండో ఆయన ఒంటి నిండా తౌడుతో మిల్లు నుంచి వచ్చి ముందు వేడినీళ్లు అడుగుతాడు. ఇద్దరూ ఫోన్‌లో ఒకే యాప్ తెరుస్తారు. ఇద్దరికీ 'ఫ్రీ వైఫై, స్మార్ట్ టీవీ, పవర్ బ్యాకప్' అని రాసి ఉన్న గదులే కనిపిస్తాయి. ఆ మాటల వెనక అసలు ఏముందో కనుక్కుంటే తప్ప ఏ గది ఎవరికి పనికొస్తుందో తేలదు.

ఈ రెండు పాత జిల్లాలు ఇప్పుడు చాలా జిల్లాలయ్యాయి గాని, పని మీద తిరిగేవాళ్లు ఇంకా నల్లగొండ సైడు, పాలమూరు (మహబూబ్‌నగర్) సైడు అనే అంటారు. ఇక్కడ మన ముందుండే దారులు ఇవీ: బస్టాండు, క్లాక్‌టవర్ చుట్టుపక్కల ఉండే పాత లాడ్జీలు. కింద ఫంక్షన్ హాలు, పైన గదులతో ఊళ్లోనే లేచిన కొత్త ఏసీ హోటళ్లు. విజయవాడ వెళ్లే 65వ నంబరు, బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారుల పక్కన ఉన్న హోటళ్లు. ఏదో ఒక యాప్ బోర్డు తగిలించుకున్న చిన్న హోటళ్లు. ఇవేవీ వద్దనుకుంటే హైదరాబాద్‌లో ఉండి రోజూ వెళ్లి రావడం. కంపెనీ గెస్ట్‌హౌస్ ఇస్తానంటే ఈ తలనొప్పి ఏదీ లేదు, అదే తీసుకోండి.

కరెంటు పోతే ఏం నడుస్తుంది

హోటల్ టెక్నాలజీ అనగానే ఫోన్‌తో తెరుచుకునే తలుపులు, మాట చెబితే వెలిగే లైట్లు గుర్తొస్తాయి. హైటెక్ సిటీ వైపు పెద్ద హోటళ్లలో అలాంటి హంగులు చూడొచ్చు. మన టూర్లలో వాటి అవసరం పెద్దగా పడదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచి ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడిందనుకోండి. అప్పటి నుంచి అరగంట సేపు మీ గదిలో ఏం పనిచేస్తుందన్నదే హోటల్‌ను తూచే అసలు తూకం.

'పవర్ బ్యాకప్' అన్న మాట కింద మూడు వేర్వేరు ఏర్పాట్లుంటాయి. పాత లాడ్జీలో అది సాధారణంగా ఇన్వర్టర్. లైటు, ఫ్యాను తిరుగుతాయి, ఏసీ, గీజర్ నడవవు. రెండోది, మనిషి వెళ్లి ఆన్ చేయాల్సిన జనరేటర్. రాత్రి పూట ఆ మనిషి నిద్రలో ఉంటే మీరు చెమటలో ఉంటారు. మూడోది కరెంటు పోగానే తనంతట తానే అందుకునే జనరేటర్. కొత్త ఏసీ హోటళ్లలో ఇది ఎక్కువ. అందులోనూ ఏసీలన్నిటికీ లోడు ఇస్తారా, లేక ఫ్యాన్ల వరకేనా అన్నది అడిగితేనే తెలుస్తుంది.

ఆన్‌లైన్ మీటింగులు ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. జనరేటర్ పది సెకన్లలో అందుకున్నా, మధ్యలో వైఫై రౌటర్ ఒకసారి ఆగిపోతే అది మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు మీ కాల్ కట్. రౌటర్‌కూ, ఫైబర్ డబ్బాకూ చిన్న యూపీఎస్ పెట్టిన హోటల్‌లో ఈ గొడవే ఉండదు. దానికయ్యే ఖర్చు తక్కువే, కానీ పెట్టాలన్న ఆలోచన అందరికీ రాదు. అందుకే బుక్ చేసే ముందు ఫోన్ చేసి, "అన్నా, కరెంటు పోతే వైఫై ఉంటదా, పోతదా?" అని సూటిగా అడగండి. "జనరేటర్ ఉంది సార్" అంటే అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. "మా దగ్గర రౌటర్‌కు బ్యాటరీ పెట్టినం సార్" అన్నవాళ్లు దొరికితే, గోడల రంగు వెలిసిపోయినా సరే అక్కడ దిగిపోవచ్చు.

వైఫై ఉండటం వేరు, మీ గదిదాకా రావడం వేరు. కౌంటర్ దగ్గర ఒక్క రౌటర్ పెట్టి మూడంతస్తులకూ అదే అనే చోట, చివరి గదిలో సిగ్నల్ గీతలు కనిపిస్తాయి గాని పేజీ తెరుచుకోదు. ప్రతి అంతస్తులో వరండా సీలింగుకు వైఫై సిగ్నల్ పంచే తెల్లటి డబ్బాలు బిగించి ఉంటే ఆ హోటల్ వాళ్లు ఈ విషయం పట్టించుకున్నట్టే లెక్క. ఆ డబ్బాకు దగ్గరగా ఉన్న గది అడగండి. ఫోన్‌లో ఒకే వైఫై పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5జీ అని కనబడితే, ఆ 5జీకీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు. అది 5 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. రౌటర్ పక్క గదిలో ఉంటే దాన్ని, దూరంగా ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌ది పట్టుకోవాలి.

గదిలోకి వెళ్లగానే బ్యాగు విప్పక ముందే స్పీడ్ టెస్ట్ చేయండి. అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి ఊరుకుంటారు. వీడియో కాల్‌లో అవతలివాళ్లకు మీరు ఆగి ఆగి కనిపించేది అప్‌లోడ్ తక్కువైనప్పుడు. అప్‌లోడ్ నిలకడగా మూడు నాలుగు ఎంబీపీఎస్ వస్తే మామూలు మీటింగుకు సరిపోతుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే ఏర్పాటు) ఉంటే అది కూడా అప్పుడే ఆన్ చేసి చూడండి. రాకపోతే గది మార్చమనడానికి అదే సరైన సమయం. రాత్రి తొమ్మిది దాటాక గదులన్నీ నిండిపోయి ఉంటాయి.

మొబైల్ డేటా ఉంది కదా, వైఫైతో నాకేం పని అనేవాళ్లు ఎక్కువే. జిల్లా కేంద్రాల్లో 5జీ వచ్చాక ఆ మాటలో చాలా నిజం ఉంది. చిక్కల్లా గది ఎటు ఉందన్నదే. కిటికీ పక్క బిల్డింగు గోడకు తెరుచుకునే లోపలి గదుల్లో ఫోన్ మోగడమే కష్టం. రోడ్డు వైపు గదిలో సిగ్నల్ బాగుంటుంది, ఆ వెంబడే లారీ హారన్లూ వస్తాయి. కాల్స్ మాత్రమే ముఖ్యమైతే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే లోపలి గదితోనూ సర్దుకోవచ్చు. జియో, ఎయిర్‌టెల్ రెండిటిలోనూ ఆ సౌకర్యం ఉంది.

తలుపు దగ్గర కార్డు పెడితేనే గదికి కరెంటు వచ్చే ఏర్పాటు కొత్త హోటళ్లలో మామూలైపోయింది. కార్డు తీసుకుని టిఫిన్‌కు వెళ్తే గదిలో అన్నీ ఆగిపోతాయి, ఛార్జింగ్‌కు పెట్టిన లాప్‌టాప్‌తో సహా. రెండో కార్డు ఇవ్వమంటే చాలాచోట్ల ఇస్తారు. లేదా ఏ సాకెట్ కార్డుతో సంబంధం లేకుండా పనిచేస్తుందో రూమ్ బాయ్‌ని అడిగితే చూపిస్తాడు. సాకెట్ల లెక్క కూడా చూసుకోవాలి. లాడ్జీల్లో ఉన్న ఒక్క ప్లగ్గూ టీవీ వెనక ఉంటుంది, మంచం దగ్గరిదాకా రాదు. చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు బ్యాగులో వేసుకుంటే హోటల్ స్థాయి ఒక మెట్టు పెరిగినట్టే.

ముహూర్తాల రోజుల్లో

ఊళ్లోని కొత్త ఏసీ హోటళ్ల గురించి ఏ యాప్‌లోనూ రాయని సంగతి ఒకటుంది. వాటికి ఆదాయం గదులకంటే ఫంక్షన్ హాలు మీద ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో కింద రిసెప్షన్ నడుస్తుంటే పైన ఉన్న మీకు రాత్రి పదకొండు దాకా బ్యాండు వినిపిస్తుంది, లిఫ్టు దొరకదు, పార్కింగు ఉండదు. వచ్చిన చుట్టాలందరికీ వైఫై పాస్‌వర్డ్ వెళ్లిపోతుంది కాబట్టి నెట్ కూడా నత్తనడకే. జనరేటర్ లోడంతా హాలు ఏసీలకే సరిపోతుంది. గదులన్నీ పెళ్లివాళ్లే ముందుగా తీసుకుని ఉంటే, యాప్‌లో మీకు బుకింగ్ కన్‌ఫర్మ్ అయినా కౌంటర్‌లో "రూమ్ లేదు సార్" అనడం కూడా మామూలే.

కాబట్టి ఈ తరహా హోటల్ బుక్ చేసే ముందు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూడండి. "రేపు హాల్‌లో ఫంక్షన్ ఉందా?" అని ఫోన్‌లో అడిగితే దాచకుండానే చెబుతారు. ఉందంటే ఆ రెండు రోజులూ హైవే హోటల్‌కు గానీ, హాలు లేని లాడ్జీకి గానీ మారడమే తెలివి. ముహూర్తం లేని రోజుల్లో మాత్రం ఊళ్లో వీటిని మించినవి లేవు. వైఫై, లిఫ్టు, ఏసీ, మంచి భోజనం ఒకే చూరు కింద దొరుకుతాయి.

ఫోన్ చేయాలంటే నంబరు ఎక్కడిదన్నది కూడా జాగ్రత్త. మ్యాప్‌లో హోటల్ పేరు పక్కన మోసగాళ్లు తమ నంబర్లు పెట్టిన కేసులు దేశమంతటా ఉన్నాయి. వాట్సాప్‌లో క్యూఆర్ పంపి అడ్వాన్స్ కొట్టమంటే కొట్టకండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బిల్లు దగ్గర తేడాలు

టూర్ అయ్యాక హోటల్ మీద వచ్చే కోపంలో సగం అకౌంట్స్ సెక్షన్‌లో పుడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మన జిల్లాల్లో గదులన్నీ దాదాపు ఈ లెక్కలోకే వస్తాయి. బిల్లులో ఇంకా 12 శాతం వేసి ఉంటే వెంటనే అడగండి.

పాత లాడ్జీల్లో కొన్నిటికి జీఎస్టీ నంబరే ఉండదు. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి అది తప్పేమీ కాదు. మీ కంపెనీకి మాత్రం అలాంటి చేతిరాత బిల్లు నడుస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. జీఎస్టీ బిల్లు కావాలంటే కంపెనీ జీఎస్టీ నంబరు చెక్-ఇన్ అప్పుడే ఇచ్చేయండి. పొద్దున్నే బస్సుకు పరిగెత్తుతూ అడిగితే, "సిస్టమ్‌లో ఎంట్రీ అయిపోయింది సార్" అంటారు. యాప్‌లో బుక్ చేస్తే ఆ జీఎస్టీ నంబరును యాప్‌లోనే ఎక్కించాలి. యాప్ తన ఫీజుకు ఇచ్చే బిల్లునే హోటల్ బిల్లు అనుకుని తెచ్చేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

వేరే రాష్ట్రం కంపెనీలవాళ్లకు ఇంకో మాట. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రం లెక్కలోనే పడుతుంది. అంటే ఇక్కడ కేంద్ర జీఎస్టీతో పాటు తెలంగాణ జీఎస్టీ వేస్తారు. కంపెనీకి మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పన్నుకు క్రెడిట్ రాదు, అంటే కంపెనీ తను కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోలేదు. హైదరాబాద్ ఆఫీసు జీఎస్టీ నంబరు ఉంటే అదే ఇవ్వడం మంచిది.

చెల్లింపుల్లో అందరూ యూపీఐకి అలవాటుపడ్డారు. లాడ్జీ కౌంటర్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే కొన్నిసార్లు హోటల్ పేరు బదులు ఓనరు గారి అబ్బాయి పేరు వస్తుంది. డబ్బు చేరిపోతుంది, గాని ఆఫీసులో "ఇదెవరు?" అని అడిగితే మీరే జవాబు చెప్పుకోవాలి. కంపెనీ ఇచ్చింది వీసా, మాస్టర్ క్రెడిట్ కార్డు అయితే దాన్ని యూపీఐలో వాడలేరు. క్రెడిట్ కార్డుల్లో రూపేవే యూపీఐకి కలుస్తాయి. అందుకని స్వైపింగ్ మెషిన్ ఉందా అని అడగడం ఈ రోజుల్లోనూ పాత ప్రశ్న కాదు.

చెక్-అవుట్ పద్ధతిలో పాత లాడ్జీలే నయం. అక్కడ ఇంకా 24 గంటల లెక్క నడుస్తోంది. రాత్రి పది గంటలకు దిగితే మర్నాడు రాత్రి పదిదాకా గది మీదే. యాప్ హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు చెక్-ఇన్, మర్నాడు పదకొండుకు చెక్-అవుట్ అంటారు. ఉదయం ఆరింటికి రైలు దిగి స్నానం చేసి పనికి వెళ్లాల్సిన మెడికల్ రెప్‌కు ఆ లెక్కలో రెండు రోజుల అద్దె పడుతుంది. పేరు యాప్‌ది, సౌకర్యం లాడ్జీది.

ఆధార్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద హోటళ్లు కౌంటర్‌లోనే స్కాన్ చేసుకుంటాయి. చిన్నచోట్ల "వాట్సాప్ చేయండి సార్" అని కుర్రాడి సొంత ఫోన్ నంబరు ఇస్తారు. మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి దింపుకుని పెట్టుకోండి, లేదా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వండి.

ఎవరికి ఏది

పోలేపల్లి, జడ్చర్ల వైపు పని ఉన్నవాళ్లు మహబూబ్‌నగర్ ఊళ్లోకి వెళ్లాల్సిన పని లేదు. 44వ హైవే పక్కన దిగితే సెజ్ దగ్గర, శంషాబాద్ ఎయిర్‌పోర్టు కూడా అదే రోడ్డు మీద. హైవే హోటళ్లలో జనరేటర్ నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే కింద రెస్టారెంటు రాత్రంతా నడవాలి. వైఫై విషయంలో మాత్రం ఊరి బయట కేబుల్ లైను ఒక్కటే దిక్కు. అది తెగితే మొబైల్ డేటానే ఆధారం. రోడ్డు పనులు జరుగుతుంటే ఇది ముందే అడగండి. వాహనం లేకపోతే హైవే హోటల్ జోలికి పోవద్దు. రాత్రి భోజనం బాగోకపోయినా బయటికి వెళ్లడానికి ఆటో దొరకదు.

దివిటిపల్లి వైపు ఫ్యాక్టరీ పనులకు, కలెక్టరేట్, బ్యాంకు ఆడిట్లకు మహబూబ్‌నగర్ ఊళ్లోని ఏసీ హోటలే సుఖం. గద్వాల, వనపర్తి, నారాయణపేటల్లో ఎంపిక తక్కువ. అక్కడ రాత్రి ఆన్‌లైన్ మీటింగు ఉంటే మహబూబ్‌నగర్‌లో దిగి పగలు వెళ్లి రావడం మేలు. అలంపూర్, సోమశిల, నాగార్జునసాగర్ లాంటి చోట్ల పర్యాటక శాఖ హరిత హోటళ్లున్నాయి. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, ప్రశాంతంగా ఉంటుంది. శని, ఆదివారాలు యాత్రికులవి, మిగతా రోజుల్లో వెళ్లండి.

మిర్యాలగూడ మిల్లులకు, దామరచర్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకు వచ్చేవాళ్లకు మిర్యాలగూడే బస. ఇక్కడ నేను వైఫై కంటే వేడినీళ్లకు ఎక్కువ మార్కులు వేస్తాను. 'వేడినీళ్లు 5 నుంచి 9 వరకు' అని బోర్డు ఉంటే అది సాధారణంగా సోలార్ మీదో, ఒక్క పెద్ద బాయిలర్ మీదో నడుస్తున్నట్టు. నైట్ షిఫ్టు దిగి పదింటికి వచ్చేవాళ్లకు పనికిరాదు. గదికో గీజర్ ఉన్నదే చూడండి. బోరు నీళ్లు గట్టివైన చోట గీజర్ లోపల సున్నం పేరుకుని నీళ్లు వేడెక్కడం ఆలస్యమవుతుంది. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర చూస్తే తెలిసిపోతుంది. పని గంటలు అటూ ఇటూ అయ్యే ఇంజనీర్లకు 24 గంటల లెక్క ఉన్న మంచి లాడ్జీ, కొత్త హోటల్ కంటే చౌకే కాదు, వీలు కూడా. సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లు కోదాడ చూసుకోవచ్చు. హైవే మీద ఊరు, రాత్రి ఎంత పొద్దుపోయినా భోజనం దొరుకుతుంది.

హైదరాబాద్‌లో ఉండి వెళ్లి రావడం నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా ఒక పూట పనికి బాగానే ఉంటుంది. రెండూ నగరానికి సుమారు 100 కిలోమీటర్లు. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ నల్లగొండలో, కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతాయి. పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొస్తాయి. వారంలో ఒకరోజు నడవవు, అది చూసుకోవాలి. కారులో అయితే సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర పట్టే సమయం కూడా కలుపుకోండి. వరసగా మూడు రోజుల పని ఉంటే రాకపోకల్లోనే మనిషి అలసిపోతాడు. ఎంత గొప్ప హోటలైనా అందులో మీరు గడిపేది నిద్రపోయే ఆరు గంటలే అయినప్పుడు ఆ హంగులకు డబ్బు కట్టడం దండగ.

యాప్ బోర్డు హోటళ్లను నేను ఆఖరున పెడతాను. బోర్డు ఒకటే అయినా ఏ ఊళ్లో ఎలా ఉంటుందో చెప్పలేం. అదే బిల్డింగుకు పోయినేడు వేరే పేరు ఉండొచ్చు. వెళ్లాల్సొస్తే గత రెండు నెలల రివ్యూలే చదవండి. అందులోనూ వైఫై, గీజర్, జనరేటర్ అన్న మాటలు వెతికి ఆ ముక్కలు మాత్రమే చూడండి. మంచి బేరం దొరికితే ఒక్క రాత్రికి చెడ్డదేమీ కాదు.

స్మార్ట్ టీవీ ఎక్కడున్నా దాని కోసం పది రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. మీ ఓటీటీ అకౌంటుతో అందులో లాగిన్ అయితే, వెళ్లేటప్పుడు లాగౌట్ చేయడం మీ పని, హోటల్‌ది కాదు.

మీతో విదేశీ ఇంజనీరు వస్తున్నాడంటే మాత్రం పైన చెప్పిన ఇష్టాయిష్టాలన్నీ పక్కన పెట్టాలి. విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోపు వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలన్న నిబంధన ఉంది. ఆ లాగిన్ లేని లాడ్జీలు అర్ధరాత్రి అయినా గది ఇవ్వవు. మందుల కంపెనీలవాళ్లు ఎక్కువగా దిగే హైవే, ఏసీ హోటళ్లకు ముందే ఫోన్ చేసి, పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు సిద్ధం చేసుకుని వెళ్లండి.